మూడు డబ్బాలు, ఒక నల్ల సంచి

"మేం వారమంతా వేరుచేసి పెట్టినవన్నీ మీరు ఒకే సంచిలో ఎందుకు పోస్తున్నారు?" అని ఆరో తరగతి అమ్మాయి స్కూల్ కారిడార్‌లో నన్ను ఆపి అడిగింది. పేరు పెట్టి పిలిచి మరీ అడిగింది. పక్కన ఇంకో అబ్బాయి, చేతిలో రాసుకునే అట్ట, ఇద్దరికీ గ్రీన్ కమిటీ బ్యాడ్జీలు. గొంతులో కోపం లేదు, అలాగని బెరుకూ లేదు. ఖమ్మంలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని నేను. పన్నెండేళ్ల పిల్లలు ఎదురుగా నిలబడి నా పని గురించి సంజాయిషీ అడగడం నాకు కొత్త. మొహం వేడెక్కింది.

మేముండేది డబ్లిన్ శివార్లలో. మా ఆయన ఉద్యోగం మీద వచ్చాం. నాకూ పని చేసుకునే అనుమతి ఉంది, కానీ ఐర్లండ్‌లో ప్రైమరీ పిల్లలకు పాఠం చెప్పాలంటే టీచింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి, పైగా ఐరిష్ భాష రావాలి. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక కాంట్రాక్టర్ దగ్గర స్కూల్ క్లీనింగ్ పనికి చేరాను. పిల్లలు ఇళ్లకు వెళ్లే వేళకి మా పని మొదలవుతుంది. ప్రతి తరగతిలో మూడు డబ్బాలుంటాయి, తిండికి గోధుమరంగుది, రీసైక్లింగ్‌కి ఆకుపచ్చది, మిగతా చెత్తకి నల్లది. మాకిచ్చిన బండికి మాత్రం ఒకటే సంచి. గదికి ఇన్ని నిమిషాలని లెక్కగట్టి ఇచ్చిన పని, వేరువేరుగా తీస్తే టైం సరిపోదు, అన్నీ ఒకదాంట్లోనే వేసెయ్ అని సూపర్‌వైజర్ చేరిన రోజే చెప్పింది. అదే మాట ఆ అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి వాదించలేదు, విని, కాగితం మీద రాసుకుని వెళ్లింది.

బస్సులో ఇంటికొస్తుంటే మాత్రం ఉక్రోషం ఆగలేదు. చెత్త గురించి వీళ్లా నాకు చెప్పేది అనిపించింది. మా అమ్మ ఇంట్లో పారేయడానికి ఏం ఉండేది కనుక! సరుకులు కాగితం పొట్లాల్లో వచ్చేవి, ఆ పొట్లం దారం కూడా చుట్టి దాచేది. పాత పేపర్లు తూకానికి, చిరిగిన చీరలు బొంతలకి, కూరగాయల తొక్కలు గేదెకి. కూల్‌డ్రింక్ సీసా ఇంటికి తెచ్చుకోవాలంటే కొట్టువాడి దగ్గర డిపాజిట్ కట్టాల్సిందే, ఖాళీ సీసా ఇస్తేనే డబ్బులు వెనక్కి. ఇక్కడ అదే పద్ధతి కూల్‌డ్రింక్‌ల లాంటి వాటి ప్లాస్టిక్ బాటిళ్లకీ క్యాన్లకీ 2024 ఫిబ్రవరి 1న మొదలైంది. అరలీటరు దాకా 15 సెంట్లు, అంతకంటే పెద్దదైతే 25 సెంట్లు. సూపర్‌మార్కెట్‌లో మిషన్‌లో వేస్తే చీటీ వస్తుంది. పిల్లలు వాటిని పోగుచేసి ఏదో ఒక మంచి పనికి చందాగా ఇస్తారు. మంచిదే, కాదనను. కానీ మనవాళ్లు దశాబ్దాల పాటు చేసినదాన్ని ఎవరూ పర్యావరణం అనలేదు, దానికి జెండా ఇవ్వలేదు.

ఇక్కడ నిజంగానే జెండా ఇస్తారు. గ్రీన్ స్కూల్స్ అని అన్ టాష్క అనే సంస్థ స్థానిక కౌన్సిళ్లతో కలిసి నడుపుతుంది. ముందు చెత్త, తర్వాత కరెంటు, నీళ్లు, ప్రయాణం, జీవవైవిధ్యం, ఇలా ఒక అంశం తీసుకుని స్కూలంతా దాని మీద పనిచేస్తుంది. మొదట ఉన్నదేంటో చూసి లెక్క రాయాలి, తర్వాత ఏం చేస్తారో ప్లాన్ వేయాలి, మళ్లీ కొలవాలి, ఆ అంకెలు అందరికీ కనిపించేలా బోర్డు మీద పెట్టాలి. అన్నీ సరిగా ఉంటే ఆకుపచ్చ జెండా వస్తుంది, రెండేళ్లకోసారి మళ్లీ తెచ్చుకోవాలి. కమిటీలో ఎక్కువమంది పిల్లలే. చెత్త సంచులు తూకం వేసేది వాళ్లే, అసెంబ్లీలో నిలబడి ఏ తరగతి ఎంత తగ్గించిందో చదివేదీ వాళ్లే.

ఆ తర్వాతి వారం నా బండి మీద ఒక కవరు పెట్టి ఉంది. లోపల పిల్లల చేతిరాతతో ఉత్తరం, కమిటీ మీటింగ్‌కి రమ్మని. కమిటీలో టీచర్లు కాని సిబ్బంది కూడా ఉండాలట, కేర్‌టేకర్ ఉన్నాడు గానీ క్లీనర్ లేకుండా చెత్త గురించి మాట్లాడుకుంటున్నామని ఆ అమ్మాయే ప్రిన్సిపాల్‌తో అందట. చదివి అక్కడే కాసేపు నిలబడిపోయాను. తప్పుపట్టినట్టు మాట్లాడిన పిల్లే నాకు కుర్చీ వేయించింది.

మీటింగ్‌లో మొదటి ప్రశ్న, ఏ డబ్బాలో ఏముంటుందో మీకే బాగా తెలుసు కదా, చెప్పండి అని. నిజమే, నాకంటే బాగా ఎవరికి తెలుసు! మూత తీయని పెరుగు కప్పులు, ఒక్క కొరుకు కొరికిన ఆపిల్ పళ్లు, అన్నిటికంటే ఎక్కువ హాట్ లంచ్ డబ్బాలు. ప్రభుత్వం 2019లో కొన్ని స్కూళ్లలో ప్రయోగంగా మొదలుపెట్టిన వేడి భోజనం 2024 నుంచి ఇంకా వందల స్కూళ్లకి వచ్చింది. తల్లిదండ్రులు యాప్‌లో ఎంచుకుంటారు, పిల్లల పేరు రాసిన డబ్బా బల్ల మీదికి వస్తుంది. ఇంట్లో సరైన తిండి లేని పిల్లలకు అదెంత ఆసరానో నేను చూస్తూనే ఉన్నాను, ఆ పథకాన్ని ఒక్క మాట కూడా అనను. కానీ కదిలించని అన్నం, చికెన్ కూరతో సహా డబ్బా డబ్బాలుగా నా చేతులతో సంచిలో వేయడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. అన్నం తొక్కితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినవాళ్లకి ఆ బరువు చేతికి కాదు తెలిసేది. ఆ మాట వాళ్లకి చెప్పాను. మా దగ్గర సర్కారు బడిలో మధ్యాహ్న భోజనానికి పిల్లలు వరుసలో కూర్చుంటారు, స్టీలు పళ్లెంలో ఎవరికి ఎంత కావాలో అంత అడిగి పెట్టించుకుంటారు, తినగానే పంపు దగ్గర ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కుంటారు అన్నాను. 'అడిగి పెట్టించుకుంటారా' అని ఒక పిల్లాడు ఆశ్చర్యంగా అడిగి, అది రాసుకున్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

ఆ గర్వం మీదే చాలా రోజులు ఆలోచించాను, ఇప్పటికీ తెగలేదు. మన పిల్లలకు అలవాట్లు ఉన్నాయి. పళ్లెం కడుక్కోవడం, శనివారం తరగతి ఊడ్చుకోవడం, అట్టలు వేసి పుస్తకం చెల్లెలికి ఇవ్వడం. ప్రశ్న మాత్రం వాళ్ల చేతికివ్వలేదు. ఎకో క్లబ్ మన స్కూళ్లలోనూ ఉంది, 2001 నుంచి నేషనల్ గ్రీన్ కోర్ నడుస్తోంది, వినాయక చవితి ముందు మట్టి విగ్రహాలు చేయించడం లాంటి మంచి పనులు దాని కిందే ఎన్నో జరిగాయి. 2015లో హరితహారం మొదలైనప్పుడు మేం పనిచేసే స్కూలు నుంచీ పిల్లల్ని వరుసగా తీసుకెళ్లాం, పిల్లకో మొక్క, పక్కన ఫొటో. ఎన్ని నాటారో పైకి పంపారు. మరుసటి ఏడు ఎన్ని బతికాయో చూసి రండి అని ఆ పిల్లలను మా స్కూలు పంపలేదు, పిల్లలు అడిగే వీలూ లేదు. సైనిక పతాక దినం స్టాంపులూ అంతే. టీచర్ పంచితే ఇంట్లో రూపాయి అడిగి తెచ్చిచ్చాం, ఆ రూపాయి ఎటు వెళ్తుందో తరగతిలో ఎవరూ చర్చించలేదు.

ఇక్కడి దానం పనులన్నీ నాకు నచ్చుతాయని కాదు. క్రిస్మస్ ముందు చెప్పుల డబ్బాల్లో సబ్బు, సాక్సులు, పెన్సిళ్లు, ఒక బొమ్మ సర్ది పేద దేశాల పిల్లలకు పంపుతారు. ఈస్టర్ ముందు నలభై రోజులు ట్రోకరా అనే సేవా సంస్థ అట్టపెట్టె ఇంటికొస్తుంది, దాని మీద ఏదో దేశపు పిల్ల మొహం, అందులో చిల్లర వేయాలి. మావాడు ఆ పెట్టె తెచ్చిన రోజు, మన దేశం వాళ్లకి కూడా ఇలాగే వేస్తారా అమ్మా అని అడిగాడు. మనసు చివుక్కుమంది. 1840ల్లో ఇక్కడ బంగాళాదుంప పంట కుళ్లి లక్షలమంది ఆకలితో చచ్చిపోతున్నప్పుడు కలకత్తాలో చందాలు వసూలుచేసి ఈ దేశానికి పంపారని వాడికి చెప్పాను, క్లాసులో కూడా చెప్పమన్నాను. చెప్పాడు. వాళ్ల టీచర్ దాన్ని బోర్డు మీద రాయించింది.

మీటింగ్ తర్వాత కమిటీ రెండు పనులు చేసింది. లంచ్ ఎంచుకునేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి, తినని రోజు వద్దని పెట్టండి అని తల్లిదండ్రులకు ఉత్తరం రాశారు. ప్రిన్సిపాల్ చేత కాంట్రాక్టర్‌కి రాయించి నా బండికి మూడు సంచులు తెప్పించారు. సంచులు వచ్చాయి గానీ నిమిషాలు పెరగలేదు. ఈ మాట నేను బయటికి అనడానికి వెనకాడాను, పని పోతుందేమోనని టెన్షన్, పైగా పిల్లల ముందు జీతం గురించి ఏం మాట్లాడతాం. చివరికి అన్నాను. వేరుచేయడం మంచిదే, దానికి పట్టే టైం మాత్రం నా జేబులోంచి పోతోంది అని. వాళ్లు దాన్నీ మిగతావాటిలాగే తీసుకున్నారు. ఇద్దరు పిల్లలు ఇంట్లో అడిగి, స్కూల్ అయ్యాక టీచర్‌తో పాటు ఆగి, స్టాప్‌వాచ్ పట్టుకుని నా వెనక గది గదికీ తిరిగారు. ఒక సంచితో ఎంతసేపు, మూడు సంచులతో ఎంతసేపు అని పట్టిక గీశారు. లెక్కల టీచర్‌ని కదా, సగటు ఎలా తీయాలో నేనే చూపించాను.

ఆ పట్టిక ఇప్పుడు ప్రిన్సిపాల్ ఉత్తరంతో పాటు కాంట్రాక్టర్ ఆఫీసులో ఉంది. జవాబు ఇంకా రాలేదు. మా పాత స్కూల్లో ఉన్న స్నేహితురాలికి ఆ పట్టిక ఫొటో పంపి, మీ ఎకో క్లబ్‌లో ఆయమ్మని కూడా కూర్చోబెట్టండి, తాగునీళ్ల దగ్గర ఎన్ని నీళ్లు వృథా అవుతున్నాయో పిల్లలకంటే ముందు ఆమే చెబుతుంది అని రాశాను. పిల్లలకి అంత తీరిక ఎక్కడిదే, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు అంది. అయితే అయిదో తరగతితో మొదలుపెట్టు అన్నాను. సరే, కరస్పాండెంట్ గారిని అడిగి చూస్తానంది.