తడిపిండి గొడవ

తడి బియ్యం పట్టనంటే పట్టనన్నాడు మర అతను. పండగ ముందు వాటికోసం ఒక రోజు పెడతాడట, అప్పుడు రమ్మన్నాడు. మేడ మీద అందరం చేరేది ఎల్లుండి శనివారం. బియ్యమేమో నిన్న రాత్రి నానబోసినవి. అతను చెప్పిన రోజుదాకా ఉంచితే పులిసి వాసన కొట్టవూ? పైగా "పొడిగా తెండమ్మా, ఎన్ని కేజీలైనా పట్టిస్తా" అని ఓ సలహా. పొడిపిండితో అరిసెలయ్యేటట్టయితే ఇన్ని పాట్లెందుకు!

ఈయనదీ అదే పాట. ప్యాకెట్ బియ్యప్పిండి తెచ్చేస్తే పోలా అంటారు. పోదు. పొడిపిండి పాకంలో పడగానే అందులోని నీరంతా పీల్చేసుకుంటుంది. కలిపేటప్పుడు బాగున్నట్టే ఉంటుంది, పావుగంటకి చలిమిడి బిగుసుకుపోతుంది, ఒత్తుతుంటే అంచులు పగుళ్ళిస్తాయి. నూనెలో విరిగేది ఆ పగుళ్ళ దగ్గరే. అరిసె మెత్తదనమంతా పిండిలోని చెమ్మే. గుప్పిట్లో నొక్కితే ముద్దకట్టాలి, వేలితో తడితే పొడిపొడిగా రాలాలి. జల్లించిన పిండిని జల్లించినట్టు గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పకపోతే, పాకం వచ్చేలోపు పైపొర ఆరిపోతుంది. ఇవన్నీ రాత్రి పదకొండింటికి ఎవరికి చెప్పను, అందుకే ఇక్కడ.

రోలూ రోకలీ ఉన్నన్నాళ్ళూ ఈ బతిమాలుకోవడాలు లేవు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పోటు మీద పోటు వేసేవాళ్ళు, మూడో ఆవిడ జల్లెడ పట్టుకు కూర్చునేది, మిగిలిన నూక మళ్ళీ రోట్లోకి. ఎంత దంచినా పిండి వేడెక్కేది కాదు. పాకం దగ్గర మాత్రం వీధి మొత్తానికీ ఒక్కావిడే. ఎవరింట్లో అరిసెలైనా సరే, ఆవిడొచ్చి పొయ్యి ముందు పీట వేసుకునేదాకా బెల్లం పొయ్యెక్కేది కాదు. పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు. గరిటె కొసనుంచి ఒక్క చుక్క అందులోకి. అది చెదిరిపోతే "ఇంకా లేతే" అని కూర్చునేది. వేళ్ళతో పోగేస్తే ఉండ కట్టి, నొక్కితే మెత్తగా అణిగి, జారిపోకుండా నిలబడిందా, "దించండి, దించండి" అని ఒకటే కేక. ఆ కేకకి పిల్లలం కూడా పిండి గిన్నె దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. ఉండని పళ్ళేనికేసి కొడితే టంగుమనేది వేరుశెనగ అచ్చుల పాకం. అంతదాకా పోనిస్తే అరిసె కొరకడానికి పళ్ళు చాలవు. లేతగా దించితే ఇంకో తంటా, నూనెలో పడ్డ అరిసె విచ్చిపోయి మూకుడంతా తవుడు తేలినట్టవుతుంది. ఆవిడ చేతికి గడియారం ఉండేది కాదు, వంటకి ఇన్ని నిమిషాలని ఎవరైనా అంటే నవ్వేది. నిజమే, ఒక బెల్లం తీరు ఇంకో బెల్లానికి ఉండదు.

ఇంత తిట్టుకున్నాక మర అతని వైపునుంచి చూస్తే ఆ మాటా కొట్టేయలేం. తడిపిండి రాళ్ళ మధ్య అట్టకట్టేస్తుంది. వెనకాల వచ్చినవాళ్ళ గోధుమల్లో ఆ పెచ్చులే కలుస్తాయి, అలాగే వదిలేస్తే లోపల పులుస్తుంది కూడా. అందరి తడిబియ్యమూ ఒక్కరోజు పట్టి, ఆనక మర విప్పి శుభ్రం చేసుకోవడమే అతనికి దారి. సరే, న్యాయమే. కాకపోతే ఆ న్యాయం బోర్డు మీద రాసి పెడితే నేను క్యారేజీ నిండా తడిబియ్యం మోసుకుంటూ రెండు వీధులు నడిచేదాన్ని కాదు కదా.

చేసేది 1 కేజీయే, మిక్సీ చాలు. పూటపూటా నీళ్ళు మారుస్తున్నాను, ఈ చలికి రేపు పొద్దుటికీ ఏం కాదు. వడకట్టి నీడన గుడ్డ మీద అరగంట పరిచి, జారులో సగానికి మించకుండా వేసి, ఆపి ఆపి తిప్పాలి. ఒక్క బిగిన తిప్పితే జారు వేడికి పిండి ఆరిపోతుంది. బెల్లం 750 గ్రాములు, గ్లాసు నీళ్ళు. కరగ్గానే వడకట్టకపోతే ఇసక పంటికింద పడుతుంది. పాకం దించాక నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు, ఆపైన పిండి గుప్పెళ్ళతో. మొత్తం గుమ్మరించకూడదు, గరిటెకి పట్టీపట్టనట్టు ఉండగానే ఆపాలి. చల్లారేకొద్దీ అదే గట్టిపడుతుంది. ఓ రెండు గుప్పెళ్ళ పిండి పక్కన ఉంచుకుంటే పాకం లేతైనప్పుడు అక్కరకొస్తుంది.

మేడ మీదే మూకుడు పెట్టి వేడివేడిగా వేసిద్దామని చిన్నది అంటే మొదట బాగానే అనిపించింది. ఇప్పుడు వద్దనుకుంటున్నాను. గాలికి మంట పక్కకి పోతుంది, నూనె కాగదు, కాగని నూనెలో వేస్తే అరిసె నూనె తాగేస్తుంది. తీసినవి తీసినట్టు చెక్కల మధ్య నొక్కి, ఒకదానిమీద ఒకటి పేర్చకుండా ఆరనివ్వాలి. అసలు అరిసె రుచి మర్నాటిది. రేపు రాత్రే వండేస్తాను. మేడ మీదకి వేడివేడిగా వెళ్ళేవి టీ, కాఫీలే.

ఇరవైమందికి టీ అంటే నీళ్ళు లీటరున్నర, పాలు లీటరు, పొడి 50 గ్రాములు, అల్లం 50 గ్రాములు. దంచిన అల్లాన్ని తిన్నగా పాలలో వేయకూడదు. పచ్చి అల్లంలో పాలు విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. నీళ్ళలో అయిదు నిమిషాలు తెర్లనిస్తే దాని బలం పోతుంది, ఆ తర్వాతే పొడి, కాగిన పాలు. బెల్లం టీ అడిగేవాళ్ళకి బెల్లం గ్లాసులో వేసి ఇవ్వడమే, పొయ్యి మీద కలిపితే విరిగే ప్రమాదం ఉంది. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్ళు పోసి, అయిదు నిమిషాలుంచి పారబోసి, అప్పుడు టీ నింపితే గంటైనా వేడి దిగదు.

శొంఠి కాఫీకి పాల గొడవే లేదు. లీటరు నీళ్ళకి రెండు చెంచాల ధనియాలు, అరచెంచా మిరియాలు, చిన్న శొంఠి కొమ్ము. దోరగా వేయించి దంచి, 80 గ్రాముల బెల్లంతో పది నిమిషాలు మరిగిస్తే చాలు. అత్తయ్యకి బెల్లం లేకుండా విడిగా తీయాలి. "నాకు షుగరమ్మా, చక్కెర లేకుండా ఇవ్వు" అని టీ తాగుతూ రెండో అరిసె అందుకునేవాళ్ళకి మాత్రం ఏ ఏర్పాటూ లేదు.

సన్నజల్లెడ పైవాటా వాళ్ళ దగ్గరుండిపోయింది. పొద్దున్నే అడగాలి.