పసుపెక్కిన తెల్ల చామంతులు

బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో ఉదయం 5 గంటలకు, వెనక్కి జరగడానికి అడుగు చోటు లేదు. కెమెరాకు ఉన్నది 50 మి.మీ. లెన్సు. నా కెమెరాలో బొమ్మ పడే సెన్సారు చిన్నది, దాని మీద అది 75 మి.మీ. లెన్సులా ఇరుకుగా చూస్తుంది. పూలగుట్ట పట్టదు, మాల కట్టే అవ్వ చేతులే పడతాయి.

వెడల్పుగా చూసే 18–55 మి.మీ. జూమ్ లెన్సు ఇంట్లో ఉంది. "చీకట్లో ఎక్కువ వెలుగు పట్టే ఎఫ్ 1.8 లెన్సు ఉండాలి" అని రాత్రి తమ్ముడికి పాఠం చెప్పింది నేనే!

అసలు దెబ్బ ఇంటికొచ్చాక తెలిసింది. కార్డు నిండిపోతుందని, ఫొటోను కుదించి దాచే జేపెగ్ పెట్టాను. బల్బు వెలుగులో తెల్ల చామంతులన్నీ పసుపెక్కాయి. సెన్సారు పట్టినదంతా కుదించకుండా దాచే రా (RAW) ఫైలైతే తెలుపును ఇప్పుడు తేలిగ్గా సరిచేసుకునేవాణ్ణి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 8 బిట్లే, అంటే 256 మెట్లే. రంగు సరిచేద్దామని లాగితే నీడలు చారలు కట్టాయి.

ఒక్క ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి ఉంచుకున్నాను. దారం ముడి వేస్తున్న బొటనవేలి మీద తడి మెరుస్తోంది.

"నా మొహం పడిందా నాయనా?" అని తెలుగులోనే అడిగింది అవ్వ. పడలేదు.