డ్రైవర్ టోకెన్‌తో అకౌంట్స్ బిల్లులు ఎందుకు తెరుచుకున్నాయంటే

పోయిన నెల ఒక మధ్యాహ్నం రుషికొండలో మా ఆఫీసులో భోజనాలయ్యాక అందరం మళ్లీ సీట్లలో కూర్చున్నాం. టీంలో కొత్తగా చేరిన శ్రీకాకుళం అమ్మాయి తన స్క్రీన్ నా వైపు తిప్పి "అన్నా, ఇదేటి, డ్రైవర్ టోకెన్ పెడితే అకౌంట్స్ బిల్లులన్నీ వచ్చేస్తన్నాయి?" అంది. టోకెన్ అంటే లాగిన్ అయ్యాక యాప్ చేతికి వచ్చే డిజిటల్ టికెట్టు. నేను నమ్మలేదు, ఏదో పాత సెషన్ మిగిలిపోయి ఉంటుందిలే అనుకుని నా లాప్‌టాప్‌లో కర్ల్ (సర్వర్‌కి నేరుగా రిక్వెస్టు పంపే కమాండు) కొట్టి చూశా. 200, అంటే సరే అన్న జవాబు, వచ్చింది. ఏ రొయ్యల కంపెనీకి ఏ రేటు, ఎవరు ఎంత బాకీ, మొత్తం కనిపిస్తోంది. లైవ్‌కి వెళ్లడానికి ఇంకా వారం ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇది ఎలా జరిగిందో మొదటి నుంచీ చెప్తాను, ఎందుకంటే మేము ఏ చెకింగూ ఆపలేదు, డాక్యుమెంటేషన్‌లో ఉన్నట్టే చేశాం, అయినా జరిగింది.

మేము చేసేది కోల్డ్ స్టోరేజీలకీ, రొయ్యలు తెచ్చే రీఫర్ (ఫ్రిజ్ ఉన్న) లారీలకీ సాఫ్ట్‌వేర్. భీమవరం వైపు నుంచి సరుకు ఎక్కించిన దగ్గర్నుంచి ఇక్కడ పోర్టులో కంటైనర్ దిగేదాకా టెంపరేచర్, టైము, బిల్లు అన్నీ మా సిస్టంలోనే. డ్రైవర్లకి ఫోన్ యాప్, సూపర్‌వైజర్లకి వెబ్ డాష్‌బోర్డు, అకౌంట్స్ వాళ్లకి ఇంకో వెబ్ యాప్, వెనకాల యాప్‌లు అడిగిన డేటా ఇచ్చే రెండు ఏపీఐ సర్వర్లు. ఇన్నాళ్లూ దేని యూజర్ టేబుల్ దానిదే, దేని పాస్‌వర్డు దానిదే, ఒక మనిషి ఉద్యోగం మానేస్తే మూడు చోట్ల డిలీట్ చెయ్యాలి, ఒక చోట ఖచ్చితంగా మర్చిపోతారు. అందుకని లాగిన్ మొత్తం ఒక ఐడెంటిటీ ప్రొవైడర్‌కి, అంటే లాగిన్ అయ్యేది ఎవరో తేల్చే సర్వర్‌కి, అప్పజెప్పేద్దాం అని కీక్లోక్ అనే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. ఓపెన్ సోర్స్, మన సర్వర్లోనే పెట్టుకోవచ్చు, మా లాంటి చిన్న టీంకి నా దృష్టిలో మంచి ఎంపికే.

కీక్లోక్ పనిచేసేది ఓఆథ్ మీద, అంటే యాప్‌కి పాస్‌వర్డు ఇవ్వకుండా టోకెన్‌తో అనుమతి ఇచ్చే పద్ధతి మీద, దాని గురించి ఒక ముక్క. ఓఆథ్ 2.0 స్టాండర్డు 2012లో ఆర్ఎఫ్‌సీ 6749గా వచ్చింది, దాని మీద లాగిన్ సంగతి చూసుకునే ఓపెన్ఐడీ కనెక్ట్ 2014లో వచ్చింది. ఇందులో ఏపీఐ సర్వర్ ఎవర్నీ లాగిన్ చేయించదు, పాస్‌వర్డు చూడనే చూడదు. మనిషి ఐడెంటిటీ ప్రొవైడర్ దగ్గర లాగిన్ అవుతాడు, యాప్ చేతికి యాక్సెస్ టోకెన్ వస్తుంది, యాప్ ఆ టోకెన్ ఏపీఐకి చూపిస్తుంది, ఏపీఐ పని ఆ టోకెన్ సరైనదో కాదో చూడటం, అంతే. చాలామంది "ఏపీఐలో లాగిన్ పేజీ ఎక్కడ పెట్టాలి" అని అడుగుతుంటారు, అక్కడ పెట్టకూడదు.

కీక్లోక్ వైపు పని పెద్దగా లేదు. రెల్మ్ అంటే యూజర్లూ, యాప్‌లూ ఉండే ఒక విడి విభాగం, మాస్టర్ రెల్మ్‌ని అడ్మిన్‌లకి వదిలేసి మనకోసం వేరే రెల్మ్ తెరవాలి. ఒక్కో యాప్‌కి ఒక్కో క్లయింట్, అంటే కీక్లోక్‌లో ఆ యాప్ పేరు మీద ఒక నమోదు. బ్రౌజర్, ఫోన్ యాప్‌లు రహస్యం దాచుకోలేవు కాబట్టి అవి పబ్లిక్ క్లయింట్లు, వాటికి ఆథరైజేషన్ కోడ్ ఫ్లోతో (లాగిన్ అయ్యాక ముందు ఒక కోడ్ వచ్చి, అది ఇచ్చి టోకెన్ తీసుకునే పద్ధతి) పాటు పిక్సీ (దొంగిలించిన కోడ్ చెల్లకుండా చేసే రక్షణ) తప్పనిసరి. రీడైరెక్ట్ యూఆర్ఎల్ దగ్గర టెస్టింగ్‌లో పని అయిపోతుందని స్టార్ గుర్తు (ఏ అడ్రసైనా సరే అని) పెట్టేసి వదిలేస్తారు కొందరు, దయచేసి అలా చెయ్యొద్దు, అది కోడ్ ఎక్కడికి పంపాలో చెప్పే అడ్రసు, దాన్ని తెరిచి పెడితే కోడ్ ఎవరి చేతికైనా పోతుంది. ఇంకోటి, నెట్లో పాత ఆర్టికల్స్ చూసి చేస్తే కీక్లోక్ యూఆర్ఎల్ మధ్యలో ఆథ్ అనే ముక్క ఉంటుంది, 2022లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి అది డీఫాల్ట్‌గా లేదు, దాని వల్లే ఒక పూట మొత్తం 404లు (అడ్రసు దొరకలేదు అనే ఎర్రర్లు) చూశాం.

ఏపీఐ మాది స్ప్రింగ్ బూట్, అంటే జావాలో సర్వర్లు రాసే ఫ్రేమ్‌వర్క్. అక్కడ ఇష్యూయర్ యూఆర్ఎల్ (టోకెన్ ఇచ్చే రెల్మ్ అడ్రసు) ఒక్క లైను ఇస్తే చాలు, అది వెళ్లి ఓపెన్ఐడీ కాన్ఫిగరేషన్ పేజీ చదువుకుని, టోకెన్ సంతకం సరిచూసే పబ్లిక్ కీలు ఎక్కడున్నాయో కనుక్కుని, తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. ఇక రిక్వెస్టు వచ్చిన ప్రతిసారీ కీక్లోక్‌ని అడగదు, టోకెన్ మీద సంతకం తన దగ్గరున్న కీతో తనే చూసుకుంటుంది.

కానీ మొదటి రోజే 401, అంటే ఏపీఐ టోకెన్‌ని ఒప్పుకోలేదు. డాకర్‌లో (ఒక్కో ప్రోగ్రామునీ విడి కంటైనర్‌లో పెట్టే టూల్) నడిపేవాళ్లందరికీ ఇది ఎదురవుతుంది అనుకుంటా. బ్రౌజర్ కీక్లోక్‌ని లోకల్‌హోస్ట్ (ఈ మెషీనే అని అర్థం) పేరుతో పిలుస్తుంది కాబట్టి టోకెన్‌లో ఇష్యూయర్ లోకల్‌హోస్ట్ అని పడుతుంది, ఏపీఐ కంటైనర్ మాత్రం దాన్ని కీక్లోక్ అనే సర్వీస్ పేరుతో పిలుస్తుంది, రెండూ ఒకే సర్వర్ అయినా పేర్లు వేరు, ఇష్యూయర్ అక్షరం అక్షరం కలవాలి, చివర ఒక్క స్లాష్ ఎక్కువైనా ఒప్పుకోదు. కీక్లోక్‌కి హోస్ట్‌నేమ్ ఒకటే ఖాయం చేసి, అదే పేరు ఏపీఐకి కూడా అందేలా చేస్తే పోయింది.

రెండోది గడియారం. స్టేజింగ్ (లైవ్‌కి ముందు పరీక్షించే) సర్వర్ మా ఆఫీసులోనే ఓ మూల ఉంటుంది, ఒకరోజు కరెంటు పోయి వచ్చాక దాని టైము ఏడు నిమిషాలు ముందుకెళ్లిపోయింది. కీక్లోక్ యాక్సెస్ టోకెన్ ఆయుష్షు డీఫాల్ట్‌గా 5 నిమిషాలే, స్ప్రింగ్ ఇచ్చే వెసులుబాటు 60 సెకన్లు, అంటే అప్పుడే పుట్టిన టోకెన్ కూడా ఆ సర్వర్‌కి చచ్చిన టోకెనే. ఎవరో "అయిదున్నర గంటలు కలపాలేమో" అన్నారు కూడా, వద్దు, టోకెన్‌లో టైము యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే టైము) సెకన్లలో ఉంటుంది, మన టైం జోన్‌తో దానికి పని లేదు. ఎన్‌టీపీ (నెట్ నుంచి గడియారం సరిదిద్దేది) సరిచేశాం, అయిపోయింది.

ఇవన్నీ దాటాక లాగిన్ పని చేసింది, టోకెన్ వెళ్తోంది, డేటా వస్తోంది, అందరం సంతోషించాం. సరిగ్గా అక్కడే అసలు కంత ఉండిపోయింది.

స్ప్రింగ్‌కి ఇష్యూయర్ లైను ఒక్కటే ఇస్తే అది చూసేవి సంతకం, ఇష్యూయర్, టైము. ఈ టోకెన్ ఎవరికి చూపించడానికి ఇచ్చారు అన్నది, అంటే ఆడియన్స్, అది చూడదు. మన విశాఖ స్టేషన్లో ప్లాట్‌ఫాం టికెట్టు కొన్నారనుకోండి. రైల్వే వాళ్లే ఇచ్చారు, దొంగ టికెట్టు కాదు, టైము కూడా దాటలేదు. అది పట్టుకుని రత్నాచల్ ఎక్కి విజయవాడ దాకా వెళ్తానంటే టీసీ ఊరుకుంటాడా? టికెట్టు అసలుదే, కానీ అది ప్రయాణానికి ఇచ్చింది కాదు. మా అకౌంట్స్ ఏపీఐ ఆ తేడా చూడటం లేదు. రెండు ఏపీఐలూ ఒకే రెల్మ్‌ని నమ్ముతున్నాయి, కాబట్టి డ్రైవర్ టోకెన్ అక్కడా చెల్లిపోయింది.

దీనికి తోడు మేము చేసిన ఇంకో తప్పు, అకౌంట్స్ యాప్‌లోకి అకౌంట్స్ వాళ్లే కదా లాగిన్ అయ్యేది అని, ఏపీఐలో లాగిన్ అయి ఉంటే చాలు అని రాసి వదిలేశాం, రోల్, అంటే ఈ మనిషి పని ఏంటి అన్నది, అడగలేదు. ఏపీఐకి యాప్ ఏంటో తెలీదు, దానికి కనిపించేది టోకెన్ ఒక్కటే అన్న సంగతి ఆ రోజు నాకు ఒంటికి పట్టింది.

సరిచేయడానికి రెండు వైపులా పని ఉంది. కీక్లోక్ టోకెన్‌లో ఆడియన్స్ దగ్గర మామూలుగా అకౌంట్ అని ఒకటి కనిపిస్తుంది, అది కీక్లోక్ సొంత అకౌంట్ పేజీ కోసం ఉన్న క్లయింట్ పేరు, మన అకౌంట్స్‌కి దానికీ సంబంధం లేదు, మేము మొదట అదే మనదేమో అనుకుని కాసేపు మోసపోయాం. చెయ్యాల్సింది ఏంటంటే ఒక్కో ఏపీఐ పేరు మీద కూడా ఒక క్లయింట్ తెరిచి, ఒక క్లయింట్ స్కోప్ (యాప్‌లకి తగిలించే సెట్టింగుల కట్ట) చేసి, అందులో ఆడియన్స్ మ్యాపర్ (టోకెన్‌లో ఆడియన్స్ పేరు రాసేది) పెట్టి ఆ ఏపీఐ పేరు ఎంచుకుని, యాక్సెస్ టోకెన్‌లో కలపమని ఆన్ చేసి, ఆ స్కోప్‌ని ఏ యాప్‌కి అవసరమో దానికి మాత్రమే తగిలించాలి. డ్రైవర్ యాప్‌కి లారీల ఏపీఐ స్కోప్, అకౌంట్స్ యాప్‌కి బిల్లుల ఏపీఐ స్కోప్. ఇటు స్ప్రింగ్ బూట్‌లో ఆడియన్సెస్ అనే ప్రాపర్టీ ఉంది, అందులో ఆ ఏపీఐ పేరు ఇస్తే చాలు. ఒక్క లైను! ఆ లైను లేకపోతే ఏ ఎర్రరూ రాదు, ఏ వార్నింగూ రాదు, అన్నీ చక్కగా పని చేస్తున్నట్టే ఉంటుంది, అందుకే నాకు ఇంత బాధ.

ఆ లైను పెట్టగానే సూపర్‌వైజర్ డాష్‌బోర్డులో ఒక రిపోర్టు పేజీ పడిపోయింది. చూస్తే అక్కడ యాక్సెస్ టోకెన్ బదులు ఐడీ టోకెన్ పంపిస్తున్నారు. ఐడీ టోకెన్ యాప్ చదువుకోవడానికి, లాగిన్ అయింది ఎవరో తెలియడానికి, ఏపీఐకి పంపేది కాదు. అదీ ఇదే రెల్మ్ సంతకం కాబట్టి ఇన్నాళ్లూ చెల్లిపోయింది.

రోల్స్ పెట్టినప్పుడు ఇంకో పూట పోయింది. టోకెన్ తెరిచి చూస్తే రోల్ ఉంది, ఏపీఐ మాత్రం 403 అంటోంది. 401 అంటే నువ్వెవరో నాకు తెలీదు అని, 403 అంటే నువ్వు తెలుసు కానీ లోపలికి రానివ్వను అని, కాబట్టి సంతకం గొడవ కాదని అర్థమైంది. కీక్లోక్ రోల్స్‌ని రెల్మ్ యాక్సెస్ అనే డబ్బాలో పెడుతుంది, స్ప్రింగ్ మాత్రం స్కోప్ దగ్గర వెతుకుతుంది, మధ్యలో చిన్న కన్వర్టర్ మనమే రాసుకోవాలి.

డ్రైవర్ల సంగతి వేరు. దారిలో అన్నం తినడానికి ఆగి ఓ గంట పడుకుని లేచేసరికి యాప్ మళ్లీ లాగిన్ అడుగుతోంది, ఎందుకంటే కీక్లోక్ సెషన్ డీఫాల్ట్‌గా 30 నిమిషాలు కదలిక లేకపోతే పోతుంది. లారీ తోలే మనిషిని రోజుకి నాలుగుసార్లు పాస్‌వర్డు కొట్టమనడం అన్యాయం. వాళ్ల యాప్‌కి మాత్రం ఆఫ్‌లైన్ యాక్సెస్ స్కోప్ ఇచ్చాం, అది డీఫాల్ట్‌గా 30 రోజులు కదలిక లేకపోతేనే పోతుంది. ఫోన్ పోతే అడ్మిన్ పేజీలో ఆ సెషన్ రద్దు చేస్తే కొత్త టోకెన్లు ఆగిపోతాయి, చేతిలో ఉన్న యాక్సెస్ టోకెన్ మాత్రం దాని 5 నిమిషాలూ బతికే ఉంటుంది, ఏపీఐ కీక్లోక్‌ని అడగదు కదా. అందుకే ఆ 5 నిమిషాలని గంట చేద్దామని ఎవరన్నా నేను ఒప్పుకోలేదు.

ఇప్పుడు మా బిల్డులో ఫెయిల్ అవ్వాల్సిన టోకెన్ల టెస్టులు ఉన్నాయి: వేరే రెల్మ్ టోకెన్, టైము దాటిన టోకెన్, ఐడీ టోకెన్, డ్రైవర్ టోకెన్ పట్టుకుని బిల్లులు అడిగే రిక్వెస్టు. చివరి టెస్టు ఆ శ్రీకాకుళం అమ్మాయే రాసింది. మీ దగ్గర ఒకే రెల్మ్ కింద రెండు ఏపీఐలు ఉంటే ఈ సాయంత్రమే ఒకదాని టోకెన్ తీసి రెండోదానికి పంపించి చూడండి. 401 రాకపోతే ఆ రోజు ఇంటికి కాస్త ఆలస్యంగా వెళ్లండి.