పక్వానికి రాని గడ్డ

కనుమనాడు మినుము తినాలన్న మాటను మా ఇంట్లో ఎప్పుడూ తప్పలేదు. ఆ రాత్రి గారెలు, కోడికూర తిని పడుకున్న రెండు గంటలకు పొట్ట పైభాగంలో మొదలైన నొప్పిని నేనూ, నా భార్యా గ్యాస్ నొప్పి అనే అనుకున్నాము. జెలుసిల్ తాగాను, వాము నమిలాను, వీధి చివర ఉండే ఆర్‌ఎంపీ వచ్చి ఒక ఇంజెక్షన్ చేసి వెళ్లారు. నొప్పి తగ్గకపోగా, ఎవరో పొట్టలోంచి వీపు దాకా గునపం దించినట్లు వెనక్కి పాకింది. వెల్లకిలా పడుకుంటే భరించలేకపోయాను. మోకాళ్లు పట్టుకుని ముందుకు వంగి కూర్చుంటే మాత్రం కాస్త ఊరటగా ఉండేది. జీర్ణాశయం వెనక ఉండే క్లోమం (పాంక్రియాస్) వాచినప్పుడు మనిషి అలాగే వంగుతాడని తరువాత తెలిసింది.

తెల్లవారి ఖమ్మంలోని ఆసుపత్రిలో చేసిన రక్తపరీక్షలో లైపేజ్ అనే ఎంజైము సాధారణ పరిమితికి ఇరవై రెట్లు దాటి ఉంది. మూడు రెట్లు దాటితేనే క్లోమ శోథగా, అంటే పాంక్రియాటైటిస్‌గా, అనుమానించాలట. ఆ ఉదయం నుంచి డిశ్చార్జి అయ్యే దాకా డాక్టర్లూ నర్సులూ నన్ను అడగని రోజు లేని ప్రశ్న ఒకటుంది: "సార్, మందు తీసుకుంటారా?" ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న నేను చుక్క ముట్టనివాడినని చెబితే, అడిగినవారు తలూపి నా భార్య ముఖం వైపు చూసేవారు. వారి తప్పు లేదు. ఈ జబ్బుకు రెండు ప్రధాన కారణాల్లో మద్యం ఒకటి. రెండవది పిత్తాశయంలోని రాళ్లు, నాది ఆ కోవకే చెందింది. రెండేళ్ల కిందట మరో పనికి స్కానింగ్ చేయించుకున్నప్పుడే ఆ రాళ్లు కనిపించాయి. "చిన్నవే కదా" అనుకుని ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేశాను. పెద్ద రాయి పిత్తాశయంలోనే ఉండిపోవచ్చు గాని, ఆవగింజంత రాయి జారివచ్చి పిత్తనాళంతో క్లోమనాళం కలిసేచోట అడ్డుపడగలదని అప్పుడు నాకు తెలియదు. అలా దారి మూసుకుపోతే అన్నాన్ని అరిగించవలసిన ఎంజైములు క్లోమాన్నే అరిగించడం మొదలుపెడతాయి.

మూడవ రోజుకు ఊపిరి అందలేదు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది, మూత్రం తగ్గింది. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టి హైదరాబాదుకు తరలించారు. ఐదవ రోజున రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసిన సీటీ స్కానులో క్లోమం సగానికి పైగా ఆ మందును తీసుకోలేదు. రక్తం అందక ఆ భాగం చచ్చిపోయిందని దాని అర్థం. అయినా ఆ రోజు ఎవరూ కత్తి పట్టలేదు, యాంటీబయాటిక్ కూడా మొదలుపెట్టలేదు. సెలైన్లు, నొప్పి తగ్గించే మందులు, ముక్కులోంచి పొట్ట దాటించి చిన్నపేగులోకి వేసిన సన్నని గొట్టం, అందులోంచి బొట్టుబొట్టుగా దిగే ద్రవాహారం, ఇంతే వైద్యం. పేగుకు పని లేకపోతే దాని గోడలు బలహీనపడి, లోపలి సూక్ష్మజీవులు చచ్చిన భాగంలోకి చేరతాయి కనుక సెలైన్లతో సరిపెట్టకుండా పేగు ద్వారానే ఆహారం ఇస్తారని డాక్టరుగారు వివరించారు. ఇన్ఫెక్షన్ రాకముందే ఇచ్చే యాంటీబయాటిక్ దానిని ఆపదని కూడా చెప్పారు.

పదిహేడవ రోజు సాయంత్రం పళ్లు టకటకలాడేంత చలి వచ్చింది. ఆ వెంటనే నూటమూడు జ్వరం వచ్చింది. మరుసటి సీటీలో, చచ్చిన కణజాలం ఉన్న ద్రవం మధ్య గాలిబుడగలు కనిపించాయి. శరీరంలో గాలి ఉండకూడని చోట బుడగలు కనిపించడం ఇన్ఫెక్షన్‌కు గుర్తట. అప్పుడు మెరోపెనెం అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. మా బావగారు, మనిషి మంచివారే గాని ఓర్పు తక్కువ, డాక్టరుగారి గదిలోనే గొంతు పెంచారు. "లోపల చీము పట్టిందని మీరే అంటున్నారు, పొట్ట కోసి తీసెయ్యడానికి అభ్యంతరమేమిటి? డబ్బు గురించా?" అన్నారు. ఆ మాట నా భార్య నాకు తరువాత చెప్పింది. డాక్టరుగారు కోపగించుకోలేదట. "మీ ఇంట్లో ఎవరికైనా సెగగడ్డ లేచినప్పుడు, పచ్చిగా ఉండగానే చిదుముతారా, పండేదాకా ఆగుతారా?" అని అడిగారట. చచ్చిన భాగానికీ బతికున్న భాగానికీ మధ్య గోడ కట్టడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. అంతకుముందే చెయ్యి పెడితే ఏది తీయాలో తెలియదు, రక్తం ఆగదు. ఒకప్పుడు ఇటువంటివారికి పొట్ట తెరిచి ఆపరేషన్ చేసేవారు. ముందు చీమును బయటకు తీసే గొట్టం వేసి చూసి, అవసరమైతేనే తరువాతి మెట్టు ఎక్కాలనే పద్ధతిని నెదర్లాండ్స్ వైద్యులు పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. అందులో గొట్టం వేసినవారిలో దాదాపు మూడోవంతు మందికి మరే ఆపరేషనూ అవసరం కాలేదు.

ఆ మూడోవంతులో నేను లేను. ఎడమ పక్కటెముకల కింద స్కాన్ చూస్తూ గొట్టం వేస్తే, మొదటిరోజే బూడిదరంగు చీము సంచిలోకి దిగి జ్వరం తగ్గింది. వారం తిరగకముందే ముక్కలు అడ్డుపడి గొట్టం మూసుకుపోసాగింది. రోజుకు మూడుసార్లు సెలైన్‌తో కడిగేవారు, ఒకసారి లావు గొట్టం మార్చారు. జ్వరం తిరగబెట్టింది. కాని ఆ గొట్టం మాకు సంపాదించిపెట్టిన రోజులే నన్ను కాపాడాయని నా నమ్మకం. ఐదవ వారంలో తీసిన స్కానులో గోడ స్పష్టంగా కనిపించింది. అప్పుడు నోటిలోంచి అల్ట్రాసౌండ్ అమర్చిన ఎండోస్కోపు పంపి, జీర్ణాశయం వెనక గోడకు రంధ్రం చేసి, చీముగూడుకూ జీర్ణాశయానికీ మధ్య లోహపు స్టెంట్ అమర్చారు. మూడు విడతలుగా ఆ దారిలోంచే చచ్చిన ముక్కలను పట్టి బయటకు లాగారు. పొట్టమీద కత్తిగాటు పడలేదు. స్టెంట్‌ను నాలుగు వారాలకు తీసేశారు.

ఇంటికి వచ్చేటప్పటికి డెబ్బై రెండు కిలోల మనిషిని యాభై నాలుగుకు దిగాను. బాత్రూము దాకా నడవడానికి మా అబ్బాయి భుజం కావలసివచ్చింది. తిన్నది ఒంటపట్టక విరేచనం జిడ్డుగా నీటిపై తేలేది. మిగిలిన క్లోమం చాలినన్ని ఎంజైములు తయారుచేయలేదని తేల్చి క్యాప్సూళ్లు రాశారు. వాటిని భోజనానికి ముందో తరువాతో కాక, మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి వేసుకోవాలి. ఇన్సులిన్ కూడా తప్పలేదు. వాపు పూర్తిగా సర్దుకున్నాక, మూడు నెలలకు, పిత్తాశయాన్ని లాప్రోస్కోపీతో తీసివేశారు. లేకపోతే ఇంకో రాయి జారి మళ్లీ మొదటికే రావచ్చు.

ఈ ఏడు మా మేనకోడలి పెళ్లిలో, విస్తరి ముందు కూర్చుని చొక్కా జేబులోంచి క్యాప్సూల్ తీస్తుంటే పక్కనున్న పెద్దాయన, "షుగరా, సార్?" అన్నారు. షుగరూ ఉందన్నాను. మా బావగారు ఆ వెనకే నిలబడి వడ్డించేవాడితో, "సార్‌కు నెయ్యి వద్దు" అని గట్టిగా చెప్పారు. డాక్టరుగారు కొద్దిగా వేసుకోవచ్చన్నారని నేను అనబోయాను గాని, ఆయన వినిపించుకోకుండా అప్పటికే పక్క వరుసకు వెళ్లిపోయారు.