స్పితి లోయలో ఊరి నుంచి ఊరికి నడక

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట ముందే చెప్పేస్తాను. వీలైతే కారు అక్కడి ముఖ్య పట్టణం కాజాలో వదిలేసి, ఆ లోయలోనే పుట్టి పెరిగిన గైడ్‌ని వెంటబెట్టుకుని, ఊరి నుంచి ఊరికి నడవండి. ఇన్‌స్టాలో మనకి కనిపించే స్పితి అంతా రోడ్డు మీద నుంచి తీసిన స్పితి. కీ గోంపా (బౌద్ధ మఠం) దగ్గర ఒక ఫొటో, హిక్కిం పోస్టాఫీసు ముందు ఒక ఫొటో, చిచం వంతెన మీద ఇంకోటి, మళ్లీ బండెక్కడం. అలా తిరిగొచ్చినవాళ్లని తప్పు పట్టను, మన ఉద్యోగాల్లో సెలవు దొరకడమే గొప్ప. కానీ ఆ గోంపాలు అంత ఎత్తున, అంత ఎండిపోయిన కొండల మధ్య ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలబడ్డాయి, వాటికి తిండి ఎక్కడి నుంచి వచ్చింది, అందులో ఉండే లామాలు, అంటే బౌద్ధ సన్యాసులు, ఎవరి పిల్లలు అన్నది నాకు నడిస్తేనే అర్థమైంది.

మాది గుంటూరు వైపు. స్కూల్లో ఉన్నప్పుడు అమరావతి స్తూపం చూపించడానికి తీసుకెళ్లారు. ఇటుకల దిబ్బ, చుట్టూ గడ్డి, మ్యూజియంలో కొన్ని శిల్పాలు. మంచివి చాలావరకు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయని మాస్టారు చెప్పారు. నాగార్జునకొండ సంగతి మీకు తెలిసిందే, సాగర్ నీళ్లు రాకముందే తవ్వి తీయగలిగినంత తీసి దీవి మీద పెట్టారు. కాబట్టి నాకు బౌద్ధమంటే ఎప్పుడో అయిపోయిన సంగతి, పరీక్షలో రాసే సంగతి. బతికున్న బౌద్ధాన్ని దగ్గర్నుంచి చూడాలన్న కోరిక చాలా ఏళ్లుగా ఉండేది. మా అక్క, అక్క ఆఫీసు స్నేహితులు ఇద్దరు సరే అన్నాక బయల్దేరాం.

సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా వెళ్లాం. మనాలీ నుంచి కుంజుం కనుమ దాటి వెళ్తే దగ్గరే, పైగా 2020లో అటల్ టన్నెల్ తెరిచాక ఇంకా తేలికైంది. కానీ ఆ దారిలో ఒక్కరోజులోనే 4,500 మీటర్ల పైకి ఎక్కి దిగుతాం, ఒంటికి అలవాటు పడే టైమ్ ఉండదు. కిన్నౌర్ వైపు నుంచైతే ఎత్తు మెల్లగా పెరుగుతుంది. మనలాంటి మైదానం వాళ్లకి అదే మంచి దారి అని నా గట్టి అభిప్రాయం.

కాజాలో మాకు దొరికిన గైడ్ ఆ చుట్టుపక్కల ఊరి కుర్రాడే, పాతికేళ్లు దాటి ఉంటాయి. హిందీలో మాట్లాడుకున్నాం. మొదటిరోజు నడక లేదు అన్నాడు. కీ గోంపాకి తీసుకెళ్లి పొద్దున పూజలో ఒక పక్కన కూర్చోబెట్టాడు. స్పితిలో అన్నిటికన్నా పెద్ద గోంపా అదే, 4,166 మీటర్ల ఎత్తులో ఉంది. మంత్రాలు చదువుతూ మధ్యలో ఆపి చిన్న లామాలు కెటిల్‌తో అందరికీ టీ పోస్తారు, మనకి కూడా. పూజ మధ్యలో టీ ఏమిటి అనిపిస్తుంది మొదట. గంటల తరబడి, ఆ చలిలో, పసిపిల్లలు కూడా కూర్చుని చదువుతుంటే టీ లేకుండా ఎలా కుదురుతుంది చెప్పండి.

అసలు నడక లాంగ్జాలో మొదలైంది. 4,400 మీటర్లు. ఊరికి కాపలా ఉన్నట్టు ఒక పెద్ద బుద్ధ విగ్రహం, వెనక చౌ చౌ కాంగ్ నీల్దా శిఖరం, మధ్యలో బఠాణీ పొలాలు. ఇక్కడి నల్లమట్టి రాళ్లు పగిలితే లోపల సముద్రపు నత్తగుల్లల్లాంటి ముద్రలు బయటపడతాయి. హిమాలయాలు లేవక ముందు ఇక్కడ టెథిస్ సముద్రం ఉండేదనడానికి గుర్తులవి. నేపాల్ గండకీ నది నుంచి వచ్చి మన ఇళ్లలో పూజలందుకునే సాలగ్రామాలు కూడా ఈ జాతి శిలాజాలే. పిల్లలు చేతిలో పట్టుకొచ్చి అమ్ముతామంటారు, దయచేసి కొనకండి. కొన్నకొద్దీ తవ్వుతారు, తవ్వినకొద్దీ ఆ కొండ ఖాళీ అవుతుంది.

ఆ రాత్రి అక్కకి తలనొప్పి పట్టుకుంది, అన్నం సయించలేదు. నాకు బాగా టెన్షన్ వచ్చింది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతం కూడా ఉండదు, తలనొప్పితో మొదలైంది ముదిరితే ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. గైడ్ కంగారు పడలేదు, అలాగని తేలిగ్గానూ తీసుకోలేదు. వాంతి అయిందా, కళ్లు తిరుగుతున్నాయా అని అడిగాడు, గీత మీద నడిచినట్టు అడుగు వెనక అడుగు వేసి చూపించమన్నాడు. తెల్లారాక తగ్గకపోతే కాజాకి దిగిపోదాం, కొండ ఎక్కడికీ పోదు అన్నాడు. పొద్దుటికి నయమైంది, అయినా ఆ రోజు ఊళ్లోనే ఉంచేశాడు. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తుని రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదని పుస్తకాల్లో చదివి ఉంటాం. కానీ ముందే డబ్బు కట్టిన ప్లాన్‌ని ఆపి మనిషిని చూసి నిర్ణయం తీసుకునేవాడు పక్కనుంటే ఆ ధైర్యమే వేరు. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడటానికి వేసుకునే డయామాక్స్ లాంటి మాత్రలు మాత్రం మీ డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు.

హిక్కింలో పోస్టాఫీసు 1983 నుంచి ఉంది. అమ్మకి కార్డు రాశాం, చేరింది.

కొమిక్ 4,587 మీటర్లు. టిబెటన్ బౌద్ధంలో కొన్ని శాఖలున్నాయి: అక్కడి తంగ్యూద్ గోంపా సాక్య సంప్రదాయానిది, కీ, ధంకర్, తబో గోంపాలు గెలుగ్ సంప్రదాయానివి, పిన్ లోయకి వెళ్తే ఞింగ్మా. ఈ తేడాలు మనకి వెంటనే బుర్రకెక్కవు, ఎక్కకపోయినా ఫర్వాలేదు. గైడ్ మాకు ముందుగా నేర్పింది వేరే: దారిలో చోర్టెన్ (చిన్న స్తూపం) గానీ, మంత్రాలు చెక్కిన రాళ్ల గోడ గానీ వస్తే దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని దాటాలి. మన గుడి ప్రదక్షిణే. అలవాటైపోయాక ఎవరూ చెప్పకుండానే కాళ్లు అటు తిరిగేవి.

కొమిక్ నుంచి దేముల్ వరకు పొడవైన నడక. చెట్టు అన్నది లేదు. దూరంగా భరల్ గొర్రెల మంద కదిలితే తప్ప కొండ కదలదు. నడుస్తూ నడుస్తూ గైడ్ వాళ్ల ఇళ్ల సంగతి చెప్పాడు, నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైంది అదే. స్పితిలో పాత ఆచారం ప్రకారం ఇల్లు, పొలం పెద్దకొడుక్కే. అతనికి పెళ్లై సంసారం చేతికొచ్చాక తల్లిదండ్రులు పెద్దిల్లు వదిలి పక్కనే చిన్న ఇంటికి మారిపోతారు. పెద్దిల్లు ఖంగ్‌చెన్, చిన్నిల్లు ఖంగ్‌చుంగ్. తర్వాతి కొడుకులు చాలామంది గోంపాకి వెళ్లేవారు. వాన సరిగా పడని నేల, కరిగిన మంచు నీళ్లు కాలువ కట్టి ఎంతవరకు తెచ్చుకోగలిగితే అంతవరకే పొలం. దాన్ని తరానికోసారి ముక్కలు చేస్తే ఎవరికీ కడుపు నిండదు. అందుకే ఒక్కో ఇంటి నుంచి ఒక మనిషి గోంపాలో, ఆ మనిషికి కావలసిన బార్లీ ఇంటి నుంచి. కింద పొలం చెడితే పైన పూజ సాగదు. గైడ్ వాళ్ల బాబాయి కూడా లామాయే. ఇప్పుడు రోజులు మారాయి, బఠాణీ అమ్మితే డబ్బొస్తుంది, తమ్ముళ్లు చదువుకుని ఉద్యోగాలకి వెళ్తున్నారు, ఎవరి వాటా వాళ్లు అడుగుతున్నారు, అడగడంలో తప్పేముంది. కానీ శీతాకాలంలో మంచు తగ్గిన ఏడు కాలువలో నీళ్లు రావట్లేదని అతను చెప్పినప్పుడు ముఖం చిన్నబోయింది. ఆ మాట ఒక్క పొలానికే సంబంధించింది కాదు.

దేముల్‌లో హోమ్‌స్టేలు వంతుల మీద నడుస్తాయి. వచ్చినవాళ్లు తమకి నచ్చిన ఇల్లు ఎంచుకోవడం ఉండదు, ఎవరి వంతయితే వాళ్లింట్లో దిగాలి, వచ్చిన డబ్బు ఊరంతా పంచుకుంటుంది. మాకు వంతు వచ్చిన ఇల్లు మన రాయలసీమలో చూసే మట్టి మిద్దెలాంటిదే, పైన అంచు చుట్టూ చలికాలానికి దాచుకున్న గడ్డి, పుల్లలు. గది మధ్యలో ఇనుప పొయ్యి, అందులో పిడకలు. థుక్పా (నూడుల్స్ సూప్), బార్లీ రొట్టె పెట్టారు, మేము మా కందిపొడి, నెయ్యి తీశాం. ఆ ఇంటి ముసలమ్మ కందిపొడి రెండోసారి అడిగి వేయించుకుంది.

ఎక్కడి నుంచి అని అడిగితే అమరావతి దగ్గర అన్నాను. ఆవిడకి అర్థమయ్యేలా గైడ్ వాళ్ల భాషలో చెప్పాడు. ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకుంది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే టిబెటన్ బౌద్ధ దీక్ష ఇచ్చినప్పుడు ఆవిడ వచ్చిందట, రైలు మారి రైలు మారి. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ సంప్రదాయం నమ్ముతుంది, ఆ ధాన్యకటకమే మన అమరావతి. 1983లో, 1996లో తబోలో, 2000లో కీలో ఇదే దీక్ష జరిగింది. మేము స్కూలు ట్రిప్పులో అరగంటలో చూసి టిఫిన్ తిని వచ్చేసిన చోటికి, ఆవిడ జీవితంలో ఒక్కసారైనా వెళ్లాలని డబ్బు దాచుకుంది. ఎండ గుర్తుంది, పెద్ద నది గుర్తుంది అంది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

మర్నాడు ల్హాలుంగ్‌కి దిగాం. అక్కడ సెర్‌ఖంగ్ అనే చిన్న పాత గుడి ఉంది, వెయ్యేళ్ల కిందటి లామా, అనువాదకుడు రిన్‌చెన్ జంగ్పో కట్టించాడని చెప్పుకుంటారు. బయటి నుంచి చూస్తే మట్టిగోడే, లోపల గోడల నిండా మట్టితో చేసి రంగులద్దిన దేవతలు. మేము వెళ్లేసరికి తాళం వేసి ఉంది. తాళం పెట్టుకున్న లామా పొలంలో ఉన్నాడు, గైడ్‌కి ఏ పొలమో తెలుసు. మేమే వెళ్లి ఉంటే తలుపు చూసి వెనక్కొచ్చేవాళ్లం.

ధంకర్ ఒకప్పుడు స్పితికి రాజధాని. పిన్ నది స్పితిలో కలిసేచోటికి ఎదురుగా, వానకీ గాలికీ కోసుకుపోయిన మట్టి కొమ్ముల మీద నిలబెట్టిన గోంపా, కాళ్ల కింద నేల కరుగుతూనే ఉంది. 2006లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న వంద కట్టడాల జాబితాలో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని చేర్చింది. పాత గదుల్లోకి ఒకేసారి ఎక్కువమంది ఎక్కొద్దని అంటారు. అక్కడ నిలబడితే ఆ మాట ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

తబోకి బండిలో వెళ్లాం. 996లో పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యపు రాజు యేషే ఓద్ కాలంలో మొదలై, 1042లో మళ్లీ బాగుచేసిన గోంపా. 1975 భూకంపంలో దెబ్బతింది, నిలిచింది. లోపల ఫొటోలు తీయనివ్వరు, అదే మంచిది. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక మధ్యలో నాలుగు వైపులా చూస్తున్న వైరోచన బుద్ధుడు, గోడల చుట్టూ మనిషి ఎత్తుకి కాస్త పైన పద్మాల మీద దేవతలు కనిపిస్తారు. ఆ దేవతల కిందుగా ఒక కథ బొమ్మల్లో నడుస్తుంది. సుధనుడు అనే వర్తకుడి కొడుకు జ్ఞానం కోసం బయల్దేరి యాభై మందికి పైగా గురువుల దగ్గరికి వెళ్తాడు. వాళ్లలో భిక్షువులున్నారు, రాజులున్నారు, ఆడవాళ్లు, పిల్లలు, పడవ నడిపేవాడు, సుగంధాలు అమ్మేవాడు ఉన్నారు. ఒక్కొక్కరూ తమకి తెలిసింది చెప్పి, ఇంతకు మించి నాకు తెలియదు, ఫలానా చోట ఫలానా వాళ్లని అడుగు అని పంపిస్తారు. ఆ కుర్రాడు బయల్దేరిన ధాన్యాకరం అనే ఊరు మన ధాన్యకటకమే అని కొందరు పండితుల అభిప్రాయం. లామా టార్చి వేసి ఒక్కో బొమ్మ చూపిస్తుంటే నేనూ అక్కా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. మన వైపు ఊరి పిల్లాడి ప్రయాణం వెయ్యేళ్లుగా హిమాలయాల్లో గోడ మీద ఉంది, మన దగ్గర ఆ పేరు ఎంతమందికి తెలుసు? పిల్లలకి ఈ కథ చెప్పకపోవడం నిజంగా అన్యాయం.

వెళ్లేవాళ్లకి పనికొచ్చేవి కొన్ని. నడవడానికి జూన్ చివర నుంచి సెప్టెంబర్ వరకు బాగుంటుంది. కానీ జులై, ఆగస్టుల్లో స్పితిలో వాన లేకపోయినా అక్కడికి చేర్చే రోడ్ల మీద కొండచరియలు విరిగిపడతాయి, 2023 జులైలో చంద్రతాల్ సరస్సు దగ్గర వందలమంది మంచులో చిక్కుకుపోయారు, కాబట్టి తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజులు ఖాళీ పెట్టుకోండి. కిన్నౌర్ దారిలో మనకి పర్మిట్ అక్కర్లేదు, అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవాళ్లకి మాత్రం కావాలి. నగదు సరిపడా తీసుకెళ్లండి. గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడు ఏ ఊరివాడో అడగండి, ఎవరికైనా బాగోకపోతే ఏం చేస్తాడో అడగండి, రోజుకి ఎంతో, సామాను మోసే గాడిదకి ఎంతో ముందే తేల్చుకోండి, ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన రేటు చూపించి బేరం మాత్రం ఆడకండి.