పాట ఎక్కడ కూర్చోవాలి?

మంగళవారం. పొద్దుటినుంచీ ఉక్కపోత. కిటికీ తీస్తే సముద్రపు గాలికి కాగితాలు ఎగురుతున్నాయి, మూస్తే చెమటలు. రోజంతా మ్యూజికల్ సినిమా స్క్రిప్టులో రెండో పాటతోనే సరిపోయింది.

ఇంగ్లీషు స్క్రిప్టుల్లో పాడే లైన్లని పెద్దక్షరాల్లోనో ఇటాలిక్‌లోనో పెడతారు. మనకి పెద్దక్షరాలే లేవు. ఇటాలిక్ నొక్కితే కంప్యూటర్ అక్షరాన్ని పక్కకి వాల్చేస్తుందంతే. ఒత్తులూ వాలి, ప్రింటులో చదవడం కష్టం. కాబట్టి తెలుగులో పాటని పట్టివ్వాల్సింది అది కూర్చున్న చోటే. డైలాగు కాగితం అంచునుంచి రెండున్నర అంగుళాల దగ్గర మొదలైతే, పాట ఇంకో అర అంగుళం లోపలికి. పాదానికో లైను. పొడుగు పాదం విరిగితే ఆ ముక్కని మరో పావు అంగుళం జరపాలి, లేదంటే కొత్త పాదమనుకుంటారు.

సీన్ 23. బయట – భీమిలి ఒడ్డు – సాయంత్రం
పాట 2 – లిప్ ఉంది – 3 ని. 40 సె.

రాజీ
(పాడుతూ)
వలలో చిక్కిన వెన్నెల నాది
వదిలితే నీ వాకిట వాలుతుంది

రాజీ వల దులుపుతుంది. చేపపిల్ల ఇసుకలో పడుతుంది.

రాజీ
(మాటగా)
ఒరేయ్, పట్టుకో! జారిపోద్ది!

మధ్యలో యాక్షన్, అంటే పాత్ర చేసే పని, వచ్చిన ప్రతిసారీ పేరు మళ్లీ రాయాలి. ఆ ‘మాటగా’ లేకపోతే చేపపిల్ల డైలాగు కూడా చరణంలో కలిసిపోయి ట్యూన్ కట్టేవాళ్ల దగ్గరికి వెళ్తుంది. ‘లిప్ ఉంది’ అన్నదీ అంతే ముఖ్యం: పాత్ర పెదవి కదుపుతోందా, వెనకనుంచి వినిపించే పాటా తెలియకపోతే షాట్లు వేసుకోలేరు.

నిడివి రాసింది ఊరికే కాదు. పేజీకి నిమిషం అనే లెక్క 12 పాయింట్ల కొరియర్ ఫాంటులో కొట్టిన ఇంగ్లీషు స్క్రిప్టుది. తెలుగు ఫాంటుకే అది కుదరదు, పాటకి అసలే కుదరదు. పల్లవి తిరిగొస్తుంది, మధ్యలో మ్యూజిక్ బిట్లు, అరపేజీ కాస్తా నాలుగు నిమిషాలు తినేస్తుంది. ఒక్కో బిట్‌కీ విడిగా ఒక లైను, అందులో తెరమీద జరిగేదీ, సెకన్లూ. ‘పల్లవి మళ్లీ’ అని రాసి వదిలేయడం నాకు నచ్చదు. రెండోసారి అదే మాట వేరే మొహం మీద పడుతుంది. మొదటి పాదం రాసి, కింద ఆ మొహం ఎవరిదో రాయాలి.

ఫౌంటెన్ అని, గుర్తులతో స్క్రిప్టు రాసుకునే పద్ధతి ఒకటుంది. అందులో సాదా టెక్స్టుగా కొట్టుకుంటే పాట లైను ముందు ~ గుర్తు చాలు.

మూడోది యుగళగీతం. ఎవరి లైన్లు వాళ్లవి వంతులవారీగా వస్తే ఒకే నిలువు వరుస చాలు. ఇద్దరూ ఒకేసారి వేర్వేరు మాటలు పాడే నాలుగు పాదాలకే పక్కపక్కన రెండు నిలువులు. అవి రేపు.