డిస్నీల్యాండ్ సరే, దారి సంగతేంటి?

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో పెరిగే తెలుగు పిల్లల్లో డిస్నీల్యాండ్ చూడనివాళ్లు తక్కువ. విమానంలో గంటంబావులో పోవచ్చు. కానీ ఇంట్లో నలుగురుండి, ఇండియా నుంచి అమ్మమ్మో తాతయ్యో వచ్చి ఉంటే చాలామంది కారే తీస్తారు. శాన్ హోసే నుంచి డిస్నీల్యాండ్ ఉన్న అనహైమ్‌కి ఇంచుమించు 370 మైళ్లు. ఆగకుండా తోలితే ఆరు గంటలు, పిల్లలతో అయితే ఎనిమిది అనుకోవాలి. ఏ రైడు ఎప్పుడు ఎక్కాలో చెప్పేవాళ్లు వీధికొకరున్నారు. దారి గురించి చెప్పేవాళ్లే లేరు. తెలుగు ఇళ్లకు మాత్రం అసలు సంగతి దారిలోనే ఉంది.

పార్కు గేటు దాటాక అంతా ఇంగ్లీషే. పాటలు, బొమ్మలు, క్యూలో పక్కవాళ్ల మాటలు, చివరికి అన్నాచెల్లెళ్ల పోట్లాట కూడా. ఏ భాషలో జరిగిన సంగతి ఆ భాషలో అడిగితేనే బాగా గుర్తొస్తుంది. రష్యన్, ఇంగ్లీషు రెండూ మాట్లాడేవాళ్ల మీద 2000లో వచ్చిన ఒక అధ్యయనం ఇదే చూపించింది. అంటే పార్కు జ్ఞాపకాలు ఎలాగూ ఇంగ్లీషు ఖాతాలోకి పోతాయి, దాని గురించి బెంగ అనవసరం. తెలుగు ఖాతాలో పడగలిగింది కారులో గడిచే సమయమే. దాన్ని కూడా ఐప్యాడ్‌కి అప్పగిస్తే ఇక చెప్పడానికేం లేదు.

ఏ వయసులో తీసుకెళ్లాలన్నది ముందు తేల్చుకోండి. మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు కాబట్టి చాలామంది ఆ లోపే కానిచ్చేస్తారు. ఫోటోలు మిగులుతాయి గానీ ఆ వయసు జ్ఞాపకాలు పెద్దయ్యాక దాదాపు ఎవరికీ ఉండవు. డబ్బు ఆదా అనుకుంటే వెళ్లండి, గుర్తుండాలనుకుంటే ఐదారేళ్లు రానివ్వండి. ఎత్తు సంగతీ అంతే. స్పేస్ మౌంటెన్ రైడుకి 40 అంగుళాలు, మ్యాటర్‌హార్న్‌కి 42, ఇండియానా జోన్స్‌కి 46 ఉండాలి. బూట్లతో ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలిచి, ఏది కుదరదో దారిలోనే చెప్పేయండి. అంత దూరం వచ్చి కొలత కర్ర దగ్గర తెలిస్తే ఆ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు.

కారులో ఎవరెక్కడ కూర్చోవాలన్నది అనిపించినంత చిన్న విషయం కాదు. పెద్దవాళ్లకు గౌరవంగా ముందు సీటు ఇస్తాం. ఇచ్చామా, తాతయ్య కిటికీలోంచి చూస్తూ కునుకు తీస్తారు, వెనక పిల్లలకు టాబ్లెట్ మొదలవుతుంది. ఆయన్ని రెండో వరసలో మనవడి పక్కన కూర్చోబెట్టండి. కాళ్లకు చోటు చాలకపోతే ముందు సీటు జరపండి. కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలు వెనక సీట్లో కార్ సీటులోనో బూస్టర్‌లోనో ఉండాలి. 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు వచ్చినవాళ్లకే మినహాయింపు. ఏడుస్తుంటే అమ్మమ్మ బెల్టు విప్పి ఒళ్లోకి తీసుకోబోతుంది. అది ప్రేమే గానీ 70 మైళ్ల వేగంలో బ్రేకు వేస్తే ఏ చేతులూ పిల్లాణ్ణి పట్టి ఆపలేవు. ఈ మాట బయల్దేరాక అంటే ఆవిడ నొచ్చుకుంటుంది. ముందు రోజు రాత్రే నెమ్మదిగా చెప్పి ఉంచండి.

వారం మధ్యలో తెల్లవారుజామున ఐదింటికి ఇల్లు కదిలితే మేలు. ఆ లెక్కన మధ్యాహ్నం మూడు దాటకుండా లాస్ ఏంజెలెస్ దాటేస్తారు. మూడు నుంచి ఏడు దాకా అక్కడ ఇరుక్కుంటే చివరి 30 మైళ్లకే రెండు గంటలు పోతాయి. రాత్రిపూట పిల్లలు నిద్రపోతుండగా తోలేయడం సులువే, పైగా ట్రాఫిక్ ఉండదు. కానీ వాళ్లకు దారి అన్నదే లేకుండా పోతుంది. కనీసం ఒకవైపైనా పగలు వెళ్లండి.

శాన్ హోసే నుంచి 101 హైవే మీద గిల్‌రాయ్ చేరగానే అద్దం కొద్దిగా దించండి. వెల్లుల్లికి పేరున్న ఊరు, కాలం కలిసొస్తే ఆ వాసన కారులోకే వస్తుంది. అక్కడ 152వ నంబరు రోడ్డు ఎక్కితే కాసా డి ఫ్రూటా. చిన్న రైలు, రంగులరాట్నం, పళ్ల అంగడి ఉంటాయి. తెల్లవారుజామున అవేవీ తెరవరు కాబట్టి దాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచండి. పచేకో కనుమ దాటి సాన్ లూయిస్ రిజర్వాయర్ పక్కనుంచి దిగితే ఐ-5 ఫ్రీవే.

ఐ-5 చూడ్డానికి చప్పగా ఉంటుంది. వచ్చేటపుడు రెండు వరసలు, పోయేటపుడు రెండు వరసలు. వేగ పరిమితి కార్లకు 70 మైళ్లు, లారీలకు 55. ఒక లారీ ఇంకో లారీని దాటబోయిందంటే వెనక అరమైలు కార్లు ఆగి చూడాల్సిందే. కానీ పొలం తెలిసినవాళ్లు పక్కనుంటే ఈ దారంత మాటల దారి ఇంకోటి లేదు. బాదం తోటలు, పిస్తా తోటలు, టమాటా, పత్తి. గుంటూరు, ప్రకాశం వైపు పెద్దాయనకు పత్తి చేను చూపించి ‘ఇది ఎన్ని తీతలు వస్తుందంటారు?’ అని అడిగి చూడండి. ఇక్కడ మనుషులు తీయరు, యంత్రం ఒక్కసారే లాగేస్తుందని మనవడు చెప్పాలి. అలా మొదలైన మాట అరగంట సాగుతుంది. ఫిబ్రవరి మధ్యలో వెళ్తే బాదం పూతకొచ్చి ఉంటుంది, మైళ్ల కొద్దీ తెల్లగా.

పక్కనే వెళ్లే కాలువ కాలిఫోర్నియా ఆక్విడక్ట్. ఈ నీళ్లు దక్షిణాన కొండ ఎక్కాలి. ఎడ్మన్‌స్టన్ పంపింగ్ ప్లాంట్ వాటిని 1,900 అడుగులకు పైగా ఒక్క ఎత్తున ఎత్తిపోస్తుంది. కృష్ణా గోదావరి ఎత్తిపోతల గురించి వినని తెలుగు పెద్దలు ఉండరు కాబట్టి ఇది చెప్పగానే కారులో వాదన ఖాయం. పిల్లలకు కొండ ఎక్కే నీళ్లు అన్న ఒక్క ముక్క చాలు.

కోలింగా దగ్గర వాసన ముందొస్తుంది, పశువులు తర్వాత కనబడతాయి. ఏసీని లోపలి గాలికి మార్చే బటన్ కోలింగా దగ్గరపడకముందే నొక్కాలి. వాసన లోపలికొచ్చాక నొక్కితే దాన్నే తిప్పుతూ ఉంటుంది. ఇక ప్రశ్న: ‘ఇన్ని ఆవులెందుకు?’ చాలామంది ‘పాల కోసం నాన్నా’ అని దాటేస్తారు. అది అబద్ధం, రెండో తరగతికల్లా బడిలో తెలిసిపోతుంది, ఆపైన మీ మిగతా మాటల మీదా అనుమానమే. ఐదేళ్ల పిల్లకైనా ‘ఇవి మాంసం కోసం పెంచేవి, మన ఇంట్లో తినం, మీ ఫ్రెండ్ వాళ్లింట్లో తింటారు’ అని చెప్పొచ్చు. మీ ఇంట్లో తింటే తింటామనే చెప్పండి. ‘ఛీ’ అనే మాట మాత్రం వద్దు. అది సోమవారం స్కూల్లో లంచ్ బల్ల మీద తేలుతుంది.

సగం దూరం కెటిల్‌మన్ సిటీ దగ్గర. తిండికి ఆగాలంటే అదే సరైన చోటు. అక్కడి ఇన్-ఎన్-అవుట్ బర్గర్ల దుకాణం మీరు చేరేసరికి తెరిచి ఉంటే, శాకాహారులకు గ్రిల్డ్ చీజ్ అని అడిగితే మాంసం ముద్ద లేకుండా చేసిస్తారు, బంగాళాదుంప వేపుడు పొద్దుతిరుగుడు నూనెలోదే. అయినా పులిహోర లేకుండా బయల్దేరే ఇల్లు ఉండదు. రెండు కప్పుల బియ్యానికి నిమ్మకాయంత చింతపండు, నూనె కాస్త ధారాళంగా. అన్నం పళ్లెంలో పరిచి బాగా చల్లారాకే కలపాలి, కలిపాక కూడా ఆవిరి పోయాకే డబ్బా మూత పెట్టాలి. వేడి మీద మూసేస్తే మూతకు పట్టిన తడి కిందికి కారి, మధ్యాహ్నానికి జిగట వచ్చేస్తుంది.

పెరుగన్నంతో ఇంకో తిరకాసు. ఊళ్లో రైలెక్కేటప్పుడు పాలెక్కువ, పెరుగు తక్కువ పోసి కలుపుతాం, మధ్యాహ్నానికి తోడుకుంటుంది. ఇక్కడ అదే చేసి ఐస్ ప్యాకుల మధ్య పెడితే చల్లదనానికి తోడుకోదు, పాలన్నంలాగే ఉండిపోతుంది. ఐస్ లేకుండా పెడితే ఆ లోయలో వేసవి ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, పులిసి పాడవుతుంది. అందుకని ముందు రోజు సాయంత్రమే కప్పు బియ్యానికి రెండు కప్పుల గోరువెచ్చని పాలు, రెండు చెంచాల పెరుగు కలిపి, తోడుకోగానే ఫ్రిజ్‌లోకి, తెల్లారి కూలర్‌లోకి. ఆవకాయ సీసా వద్దు. కొండ మీద మూత సందులోంచి నూనె కారితే సీటు మీద ఆ ఎరుపు పోదు. పార్కులోకి బయటి తిండి తీసుకెళ్లొచ్చు గానీ గాజు సీసాలు, ఘాటు వాసన వచ్చేవి రానివ్వరు. ఆ రెండో మాట మన ఊరగాయలకే రాసినట్టుంటుంది.

తిన్నాక గంటైనా కాకుండా గ్రేప్‌వైన్ ఎక్కొద్దు. ఆ కొండ నిటారుగా మొదలై, టెహోన్ కనుమ దగ్గర 4,100 అడుగుల పైకి చేరుతుంది. అక్కడి నుంచి కాస్టేక్ దాకా సుమారు 30 మైళ్లు ఎక్కడం, దిగడం, మలుపులు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు వాంతుల బెడద ఎక్కువ. కళ్లు ఆగి ఉన్న తెర మీద, లోపలి చెవికి మాత్రం కదలిక తెలుస్తూ ఉంటే ఆ రెండూ పొసగక కడుపులో తిప్పుతుంది. టాబ్లెట్ ఇవ్వక తప్పదనుకుంటే చదునైన దారిలో ఇవ్వండి, కొండ మొదలవగానే తీసేసుకోండి. చూపు దూరంగా, ముందు అద్దంలోంచి. మందు వేయాలనుకుంటే ముందే పిల్లల డాక్టర్ని అడిగి, కొండకు గంట ముందు వేయాలి. వాంతి మొదలయ్యాక మింగిస్తే అదీ బయటికొస్తుంది. చెవులు దిబ్బడేస్తే పాలపిల్లలకు సీసా, పెద్దపిల్లలకు చప్పరించడానికి ఎండు ఉసిరి ముక్క. నాలుగేళ్లలోపు వాళ్లకు గట్టివి ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. చలికాలంలో మంచు పడితే ఈ కనుమ మూసేస్తారు, కింద లోయలో పొగమంచు. డిసెంబర్, జనవరిల్లో బయల్దేరే ముందు రాష్ట్ర రోడ్ల శాఖ కాల్ట్రాన్స్ వాళ్ల క్విక్‌మ్యాప్ చూడకుండా కదలొద్దు.

కొండకు ముందు చదును దారిలో ఆటలు. కాలిఫోర్నియాలో చాలా కార్ల నంబరు ప్లేటులో మొదట ఒక అంకె, మూడు అక్షరాలు, చివర మూడంకెలు. ఆ చివరి మూడు తెలుగులో చదవాలి: 478 కనబడితే నాలుగు వందల డెబ్బై ఎనిమిది. అరవైకీ డెబ్బైకీ తడబడతారు, తప్పు చెబితే తాతయ్యకు ఒక పాయింటు. పొడుపు కథల్లో కవ్వం, రోకలి వస్తే పిల్లలకు అంతుబట్టదు, విసుగొస్తుంది. ‘తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు’ లాంటివి చాలు. పుస్తకం ఎక్కడైనా పుస్తకమే.

కాస్టేక్ దాటగానే మ్యాజిక్ మౌంటెన్ అనే ఇంకో పార్కు రోలర్ కోస్టర్లు ఫ్రీవే మీదికే కనబడతాయి, వెనక సీట్లో ‘వచ్చేశాం’ అని కేకలు. ఇంకా 60 మైళ్లుందని ముందే చెప్పి ఉంచితే మంచిది. సాయంత్రం మళ్లీ అన్నం కావాలంటే డిస్నీల్యాండ్‌కి దగ్గర్లోనే ఆర్టీసియాలో పయొనీర్ బులెవార్డ్ ఉంది, మన సరుకుల దుకాణాలు, హోటళ్లు అక్కడే.

తిరుగు దారిలో కాలబాసస్‌లోని మాలిబు వేంకటేశ్వరాలయానికి వెళ్లేవాళ్లు 405 మీదుగా 101 పట్టుకుని లాస్ వర్జినెస్ రోడ్డులో దిగాలి. అక్కడి నుంచి 101 మీదే ఇంటికి పోవచ్చు, కాస్త చుట్టు గానీ కొండల బాధ తక్కువ. చూసినవి కబుర్లుగా తిరగేసుకోవడానికి ఈ దారే అనువు. ‘బాగుందా?’ అంటే ‘ఊఁ’ అంటారు, అక్కడితో సరి. ‘మ్యాటర్‌హార్న్‌లో చీకట్లో ఏం కనబడింది? అప్పుడు చెల్లి ఏమంది?’ అంటే చెప్పక తప్పదు. జరిగినదాన్ని ఇలా విప్పి అడిగే తల్లిదండ్రుల పిల్లలకు సంగతులు వివరంగా గుర్తుంటాయి. జవాబు ఇంగ్లీషులో వస్తే తప్పుపట్టకుండా దాన్నే తెలుగులో తిప్పి చెప్పి తర్వాతి ప్రశ్న అడగండి. సరిదిద్దితే నోరు మూసుకుంటారు, ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంటారు.

ఐ-5 మీదే వెనక్కొచ్చేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం అనహైమ్ వదిలితే, 156 కూడలి నుంచి గిల్‌రాయ్ దాకా 152 ఒంటి వరస కావడంతో రాత్రి తొమ్మిదికి అక్కడ తోకలో నిలబడతారు. థ్యాంక్స్‌గివింగ్ ఆదివారమైతే ఇంకా దారుణం. సోమవారం సెలవు దొరికితే ఆ రోజే రండి, కాసా డి ఫ్రూటాలో రైలు ఎక్కించడానికీ వీలవుతుంది.